పాదిరి వేషం

హవాయి దీవుల్లో మా హీలో పట్నంలో వాన పడని శనివారం అరుదు. నాటకానికి మనుషుల్ని ఎంచుకునే ఆ శనివారం కూడా పొద్దుటినుంచీ ఒకటే వాన. కమ్యూనిటీ హాలు రేకుల మీద చినుకుల మోతకి లోపల ఎవరి మాట ఎవరికీ సరిగా వినబడడం లేదు. వైలానా జడ పిండుకుంటూ లోపలికి వచ్చింది. వెనకాలే ఆమె తమ్ముడు పిలీపో, తను కేవలం కారులో దింపి పోవడానికే వచ్చానని ఎదురైనవాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చాడు.

వైలానాకి యాభై దాటాయి. స్కూలు బస్సు నడుపుతుంది. ఆరడుగుల మనిషి, నడుము దాకా జడ, చెవి వెనక పువ్వు. పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు. ఆ మాట తనకి నప్పదని చిన్నతనంలోనే తేల్చుకుని జుట్టు పెంచింది, పేరు మార్చుకుంది. ఇలాంటివాళ్ళని మా దీవుల్లో మాహూ అంటారు. పూర్వం పాటా నాట్యమూ నేర్పే గురువులు చాలామంది వాళ్ళే. ఓడల్లో పాదిర్లు వచ్చి దిగాక ఆ మాట తిట్టయి కూర్చుంది.

నాటకం ఆ సంగతి మీదే. రాసింది కహియావు. హైస్కూల్లో పాఠాలు చెబుతాడు, సెలవు రోజుల్లో మొగుడితో కలిసి కేకులు చేసి అమ్ముతాడు. చిన్నప్పుడు వైలానా బస్సులోనే బడికి వెళ్ళేవాడు. కథలో ఒక మాహూ గురువు ఇంటికి పాదిరి వచ్చి, జుట్టు కత్తిరించుకోమని నిలదీస్తాడు. ఆ గురువు వేషం వైలానాని మనసులో పెట్టుకునే రాశాడు. ఆమె వచ్చి కూర్చుని, తనకి పాదిరి వేషం కావాలంది.

కహియావు తెల్లబోయాడు. పాదిరి బక్కపలచటి తెల్లవాడనీ, పైగా అసలు మాహూలని వేదిక ఎక్కించడానికే ఇంత తంటాలు పడుతుంటే ఆమె వెళ్ళి మగవేషం వేస్తాననడం ఏం న్యాయమనీ అడిగాడు.

"ఆ గురువు వేషం నేను పుట్టినప్పటినుంచీ జీతం లేకుండా వేస్తున్నాను నాయనా. బస్సులో వేస్తాను, బ్యాంకులో వేస్తాను, పెళ్ళికెళ్తే అక్కడా వేస్తాను. ఒక్కసారి ఎదుటివాణ్ణి నిలబెట్టి ప్రశ్నలడిగే వేషం వెయ్యాలని ఉంది" అంది వైలానా.

ఈ మాట అందరికంటే ఎక్కువగా బాధించింది మపువానాని. ఆమె కూడా మాహూయే. హోటల్లో పాటలు పాడుతుంది. వైలానాకి ప్రాణస్నేహితురాలు, ఆజన్మ శత్రువు కూడా. గురువు వేషం కోసం వైలానాతో పోటీపడి గెలవాలని పట్టుచీర లాంటి గౌను కుట్టించుకుని మరీ వచ్చింది. పోటీయే లేకపోతే గెలిచి ఏం సుఖం?

"ఆ జడ ఎక్కడ పెడతావే, టోపీలోనా?" అంది అక్కసుగా.

"నీ నోట్లో పెడతాను. కాసేపు ఊరుకుంటావు."

సరే, ఒక సన్నివేశం చదివి చూపించమన్నాడు కహియావు. అందులో గుమ్మంలో నిలబడి పాదిరికి జవాబు చెప్పాల్సింది గురువుగారి తమ్ముడు. ఆ వేషానికి రావలసిన కుర్రాడు దారిలో వరద నీళ్ళు అడ్డుపడి చిక్కుకుపోయాడు. మూల బల్ల దగ్గర పిలీపో ఎవరి కోసమో పెట్టిన అన్నం ముద్దలు తింటూ కనబడ్డాడు. అతని చేతిలో కాగితాలు పెట్టేశారు. చేతులు జిడ్డుగా ఉన్నాయన్నాడు, కళ్ళజోడు కారులో ఉందన్నాడు. మపువానా తన కళ్ళజోడు తీసి అతని ముక్కు మీద పెట్టింది.

పిలీపో చెడ్డవాడు కాడు. అక్క బస్సు ఎక్కడ ఆగిపోయినా పని వదిలేసి వెళ్ళి బాగుచేసి వస్తాడు. కానీ చిన్నప్పుడు అన్నా అని పిలిచిన మనిషిని అక్కా అనడానికి అతనికి నోరు తిరగలేదు. అందుకని "ఇదిగో" దగ్గర ఆగిపోయాడు. బయటివాళ్ళతో చెప్పాల్సి వస్తే "మా ఇంట్లోవాళ్ళు వచ్చారు" అనేవాడు. వచ్చాడనీ కాదు, వచ్చిందనీ కాదు. తల్లి పోయినప్పుడు చర్చిలో నాలుగు మాటలు చెప్పమంటే "మేమిద్దరం, మేమిద్దరం" అంటూ గట్టెక్కాడు. వైలానా ఏనాడూ అడగలేదు. ఏదో ఒకటి, పిలుస్తున్నాడు కదా అని సరిపెట్టుకుంది.

వైలానా జడ ముడేసి లేచి నిలబడింది. వాళ్ళ తాత చర్చిలో పెద్ద. ఆయన గొంతు ఆమెకి కంఠతా వచ్చు. ఆ గొంతుతో నోరు తెరిచేసరికి వెనక వరసలో కబుర్లు ఆగిపోయాయి. పిలీపో మాత్రం మందుసీసా మీది చీటీ చదివినట్టు చదివాడు. "తమ్ముడు తల దించుకుంటాడు" అని రాసి ఉంటే అదీ పైకి చదివేశాడు. అందరూ నవ్వారు.

వైలానా నవ్వలేదు. ఒక అడుగు ముందుకి వేసింది.

"తల దించుకుంటే సరిపోదు. జవాబు చెప్పు. లోపలున్న ఆ మనిషి నీకేమవుతుంది?"

పిలీపో కాగితం చూశాడు. తిప్పి వెనక చూశాడు. అక్కడ తమ్ముడికి మాటల్లేవు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మా అక్క" అన్నాడు. కాస్త ఆగి, "మా అక్కండీ. మీరు భోజనాల వేళకి వచ్చారు. తింటానంటే కూర్చోండి, లేదంటే టోపీ పెట్టుకుని బయల్దేరండి" అన్నాడు.

వైలానాకి ఏడుపొచ్చింది. కానీ పాదిరి ఏడవకూడదు.

"ఆ మాట నీ కాగితంలో లేదు" అంది తాత గొంతుతోనే.

"తెలుసు" అన్నాడు పిలీపో.

ఆమె కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకుని మిగతాది చదివింది. మధ్యలో రెండు చోట్ల పాదిరి గొంతు జారి ఆమె గొంతు బయటపడింది. మపువానా గట్టిగా ముక్కు చీది, ఈ చెమ్మగాలి తన గొంతుకి పడదని పక్కవాళ్ళకి చెప్పింది. పాదిరికిచ్చిన ఆ జవాబు రాసుకుంటాను, మళ్ళీ చెప్పమని కహియావు బతిమాలితే, తనకేం గుర్తులేదని పిలీపో కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంటికి పోయే దారిలో హోటల్ దగ్గర ఆగారు. అన్నం మీద మాంసం బిళ్ళా గుడ్డూ వేసి తెచ్చారు. సగం తిన్నాక పిలీపో కంచం లోంచి తలెత్తకుండా, "ఇంకో గుడ్డు చెప్పమంటావా, అక్కా?" అన్నాడు. ఆమె కడుపు నిండిపోయింది. అయినా చెప్పమంది.

గురువు వేషం మపువానాకి వచ్చింది. తమ్ముడి వేషం పిలీపో నెత్తిన పడింది. శనివారాలు చేపలు పట్టుకునే రోజులని నెలంతా సణిగాడు గానీ ఒక్క రిహార్సలు మానలేదు. నాటకం వేసిన మొదటి రోజే వైలానా పాదిరిని చూసి జనం పళ్ళు నూరారు. రెండో రోజు ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ, మపువానా జుట్టు మీదికి కత్తెర లేచేసరికి ఉండబట్టలేక కాలి చెప్పు తీసి విసిరింది. అది పాదిరి భుజానికి తగిలి తెర వెనక పడింది.

ఆట అయ్యాక అవ్వ చెప్పు వెతుక్కుంటూ తెర వెనక్కి వచ్చింది. అప్పటికి వైలానా నల్లకోటు విప్పేసి జడ వదులుకుంటోంది.

"ఆ దుర్మార్గుడు ఏడీ?" అంది అవ్వ.

"నేనే అవ్వా."

అవ్వ ఆమెని కిందనుంచి పైదాకా చూసింది. "నువ్వా. బాగా ఏడిపించావు తల్లీ. నా చెప్పు ఇటియ్యి. రేపు మా చెల్లెల్ని తీసుకొస్తాను. దాని గురి నాకంటే మంచిది."