రాణిగారి శుక్రవారం

ద్వారకా నగర్‌లోని మా ఆఫీసులో తయారయ్యేది ఒక ఆట. ఆడేవాళ్లు అందులో యోధులో మంత్రగత్తెలో అయిపోయి, మేం కల్పించిన రాజ్యంలో తిరుగుతారు. ఆ రాజ్యానికి మూడొందల ఏళ్ల చరిత్ర రాసి పెట్టాం. అందులో తేదీలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో చూడడం నా ఉద్యోగం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే కాబట్టి, ఆ పని నిష్ఠగానే చేస్తున్నాను.

కొత్తగా చేరిన షిరీన్ రాసిన అధ్యాయంలో పదకొండు తప్పులు పట్టాను. రాణి శుక్రవారం ఉదయం చనిపోతుంది. శుక్రవారం రాత్రి కొడుకు చేతికి కత్తి ఇస్తుంది. పోయిన మనిషి కత్తి ఎలా ఇస్తుంది? జాబితా మా సార్ దేవీప్రసాద్‌కి పంపాను.

"ఏటమ్మా సత్యశ్రీ, రాణి దెయ్యమైపోనాదేటి?" అని నవ్వారాయన. వెంటనే నవ్వు ఆపి, "పదకొండంటే కష్టం. రేపట్నుంచి ఆ పిల్లని రావద్దని సెప్పెయ్," అన్నారు.

మధ్యాహ్నం షిరీన్ టిఫిన్ బాక్సు విప్పుతోంది. రావద్దన్న మాట నోరు దాటలేదు. జాబితా మాత్రం ముందు పెట్టాను.

"తప్పేటుంది ఇందులో? రాత్రి కత్తి ఇచ్చింది, తెల్లారి పోయింది," అంది.

"అది గురువారం రాత్రి కదేటి?"

"అరే, మాకు కాదు. సాయంత్రం మగ్రిబ్ నమాజు వేళకి రోజు మారిపోతాది. గురువారం పొద్దు గుంకితే జుమ్మా రాత్రే, అంటే శుక్రవారం రాత్రి. మా నానీ, అదే మా అమ్మమ్మ, కథలన్నీ అలాగే సెప్తాది. నువ్వేటి, నిద్ర లేసిన కాడ్నించి లెక్కెడతావా?"

నేను దాన్నెప్పుడూ లెక్క అనుకోలేదు. రోజంటేనే అది అనుకున్నాను. జాబితా మళ్లీ చూశాను. పదకొండూ రాత్రులే. ఆమె లెక్కలో ఒక్కటీ తప్పలేదు.

సార్ దగ్గరికి వెళ్లి విషయం వివరించి, తప్పు నాదేనన్నాను.

"ఇదంతా ఆడేవోళ్లకి ఎవుడు సెప్తాడమ్మా?"

"ఈ రాజ్యంలో పొద్దు గుంకగానే కొత్త రోజని మొదటి పేజీలో ఒక్క ముక్క రాస్తే చాలు సార్."

"బాగుంది. మరి నాను రాసినవో?"

అదీ చూసుకునే వెళ్లాను. "మీ అధ్యాయాల్లో ఇరవై నాలుగు చోట్ల రాత్రులు తప్పవుతాయి సార్."

ఆ రాజ్యాన్ని మొదట ఊహించింది ఆయనే. కుర్చీలో వెనక్కి వాలి, తన మొదటి అధ్యాయం తెరిచి చూసుకున్నారు.

"షిరీన్‌ని పిలువ్," అన్నారు చివరికి. "నా రాత్రులేటో తనే సరిసేస్తాది."