రెండు గీతలు, ఒక కుంకుమ బొట్టు

నేను ఒక నల్లని గాజు పలకను. అరచేతిలో ఇమిడిపోతాను. నా ఒంటి మీద పక్కపక్కనే రెండు సన్నని గీతలున్నాయి. అంతకు మించి నాకు ఆస్తిపాస్తులేమీ లేవు. ఆ గీతల్లోంచి వెలుగు దూరి అవతలికి వెళుతుంది. ఏ గీతలోంచి వెళ్ళిందో చెప్పమని చదువుకున్నవాళ్ళు నన్ను చాలాకాలంగా నిలదీస్తున్నారు. నేను చెప్పలేదు, ఇకముందు చెప్పను కూడా. మొండిఘటం అనుకుంటున్నారా, అనుకోండి. నా కథ విన్నాక కూడా అదే మాట అంటే అప్పుడు చూద్దాం.

నేను పుట్టడం ఫోటో ప్లేటుగా పుట్టాను. ఫిల్ము చుట్టలు రాకముందు గాజుకు మందు పూసి దాని మీదే ఫోటోలు తీసేవారు. గోదావరి జిల్లాలో ఒక స్టూడియోలో మా డబ్బా ఒకటి బీరువా అడుగున మిగిలిపోయింది. ఎప్పటికైనా నా మీద కూడా ఒక పెళ్ళికూతురి ముఖమో, చంటిపిల్ల బోసినవ్వో పడకపోతుందా అని ఆశపడుతూ కూర్చున్నాను. ఒకరోజు స్టూడియో యజమాని కొత్తల్లుడు ఈ డబ్బాలో ఏముందో చూద్దామని పట్టపగలు వాకిట్లోకి తెచ్చి మూత తీశాడు. ఇంకేముంది, మా పని అయిపోయింది. మందునీళ్ళలో కడిగితే అందరం బొగ్గులా నల్లగా తేలాం. అల్లుణ్ణి ఏమీ అనలేక మామగారు మమ్మల్ని తిట్టాడు. మనుషుల న్యాయం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

కొన్నాళ్ళకు ఆ స్టూడియోకి ఒకామె వచ్చింది. "మీ దగ్గర పాడైపోయిన ప్లేట్లేవన్నా ఉన్నాయాండీ?" అని అడిగింది. మంచివి అడిగేవాళ్ళనే చూశాను గానీ, చెడిపోయినవి కావాలని వచ్చిన మనిషిని చూడటం అదే మొదలు. నాకు ఆవిడ మీద అక్కడికక్కడే ప్రేమ పుట్టింది. ఆవిడ పేరు శేషారత్నం. ఆ ఊరి కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు.

ఆవిడ రెండు కొత్త బ్లేడ్లు ఒకదానికొకటి ఆనించి దారంతో కట్టి, స్కేలు ఆసరాగా పెట్టుకుని మా నల్లపూత మీద ఒక్క గీత గీసేది. బ్లేడ్లు రెండు కాబట్టి గీతలూ రెండు పడాలి. నా అన్నదమ్ముల మీద అవి వంకర పోయాయి, కలిసిపోయాయి. నా దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణకలేదు. తల వెంట్రుక పట్టేంత ఎడంతో రెండూ నిటారుగా నిలబడ్డాయి. ఆవిడ నన్ను కంటికి ఆనించుకుని దూరంగా వెలుగుతున్న బల్బు వైపు చూసింది. ఒక వెలుగు చార, ఒక చీకటి చార, మళ్ళీ వెలుగు, మళ్ళీ చీకటి. "వచ్చాయి," అంది నెమ్మదిగా.

రెండు గీతల్లోంచి వచ్చిన వెలుగు అలలు కలిసినచోట వెలుగు, ఒకదాన్నొకటి కొట్టేసుకున్నచోట చీకటి. ఇది పాత సంగతే. శేషారత్నానికి కావలసింది వేరు. వెలుగులో కూడా ఇక ముక్కలు చెయ్యలేని చిన్న రేణువు ఉంటుంది, దాన్ని ఫోటాన్ అంటారు. వెలుగు చొరని పొడవాటి పెట్టెలో ఒక చివర దీపం, మధ్యలో నేను, అవతలి చివర ఫిల్ము. ఆ దీపాన్ని బాగా తగ్గించి, దానికి పొగచూరిన గాజు ముక్కలు అడ్డం పెట్టి, ఒక ఫోటాన్ ఫిల్మును చేరాక గానీ ఇంకొకటి బయలుదేరనంత నీరసమైన వెలుగు చేయాలని ఆవిడ పట్టు. అప్పుడు పెట్టెలో ఉండేది ఒకే ఒక్క ఫోటాన్. తోడెవరూ లేరు. మరి అది ఎవరితో కలుస్తుంది, ఎవరితో కొట్టుకుంటుంది? అయినా చారలు వస్తాయని పుస్తకాలు చెబుతున్నాయి. పుస్తకంలో ఉన్నది పిల్లలకు వల్లెవేయించడం కాదు, మా కాలేజీ చీకటి గదిలో మా చేత్తో తీసి చూపించాలి అని ఆవిడ కంకణం కట్టుకుంది.

ఆ చీకటి గది మీద ఇంకొకాయన కన్నుంది. ఆయన భీమశంకరం మాస్టారు, డిపార్టుమెంటు హెడ్డు. శేషారత్నానికి ఒకప్పుడు పాఠం చెప్పిన గురువు కూడా. చెడ్డవారు కాదు. పాత జవాబు పత్రాల కట్టలు పెట్టుకోవడానికి చోటు చాలక ఆ గది అడుగుతున్నారు, అంతే.

"చూడమ్మా రత్నం. ఆ గదిలో నువ్వు దీపం పెట్టి, దాన్ని కనపడకుండా ఆర్పేసి, దాంతో ఫోటో తీస్తానంటావు. నాకు అర్థమవ్వాలా, వద్దా?" అన్నారాయన.

"దసరా సెలవులయ్యాక యూనివర్సిటీ నుంచి కూర్మనాథం గారొస్తున్నారు కదా మాస్టారూ. చారలున్న ఫిల్ము ఆయన చేతిలో పెడతాను. పెట్టలేకపోతే తాళం చెవి మీ చేతిలో పెడతాను."

"పెట్టలేకపోతే పరిశోధన మాట కూడా ఎత్తకూడదు మరి."

"ఎత్తను."

ప్రొఫెసర్ కూర్మనాథం గారికి ఆ ఫిల్ము నచ్చితే ఆవిణ్ణి తన దగ్గర పరిశోధనకు చేర్చుకుంటారు. నచ్చకపోతే గదీ పోతుంది, ఆవిడ జీవితాంతం పిల్లల చేత లోలకాలు ఊపిస్తూ లెక్కపెట్టించుకోవాలి. అంత బరువు తెచ్చి ఈ రెండు గీతల మీద పెట్టింది ఆవిడ.

సెలవులిచ్చే ముందు ఆయుధపూజ చేసేయడం మా లేబులో ఆనవాయితీ. తక్కెడ, మైక్రోస్కోపు, పగిలిన థర్మామీటరుతో సహా అన్నిటికీ పసుపు, కుంకుమ పడాల్సిందే. ఆ మధ్యాహ్నం శేషారత్నం క్లాసులో ఉంది. నన్ను పెట్టెలో నిలబెట్టి, అన్నీ సరిచూసుకుని, ఫిల్ము మాత్రం సాయంత్రం పెడదామని వదిలి వెళ్ళింది. భీమశంకరం మాస్టారు కుంకుమ గిన్నె పట్టుకుని చీకటి గదిలోకి వచ్చారు. వాదన వాదనే, పూజ పూజే. పిల్ల కష్టపడి చేసిన కొత్త పరికరానికి బొట్టు లేకుండా ఉండటం ఆయనకు మనసొప్పలేదు. పెట్టె మూత తీసి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, నా నుదుటి మీద తడి కుంకుమ అద్దారు. గీతల జోలికి రాకూడదని చాలా జాగ్రత్తగా పైనే పెట్టారు పాపం. కానీ ఆ తడి ఒక గీత మొదలుకు తగిలింది. ఇంకేం, కాలవకు నీళ్ళొదిలినట్టు ఆ గీత పొడవునా జారి అక్కడే ఆరిపోయింది.

సాయంత్రం ఆవిడ కటిక చీకట్లో, చేత్తో తడుముకుంటూనే ఫిల్ము పెట్టి మూత వేసింది. నేను అరుద్దామనుకున్నాను. నాకు నోరు లేదు, ఉన్నా వినేవాళ్ళు లేరు. సెలవులన్నాళ్ళూ ఒక కన్ను మూసుకుపోయి, ఒక్కొక్క ఫోటాన్‌నే రెండో గీతలోంచి సాగనంపుతూ నిలబడ్డాను.

సెలవులయ్యాక ఫిల్ము కడిగారు. వెలుగు తగిలినచోట ఫిల్ము నల్లబడాలి. నల్లబడింది, కానీ వెడల్పాటి మచ్చలాగా. ఒక్క చార కూడా లేదు. శేషారత్నం దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికింది. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

భీమశంకరం గారికి జాలేసింది. "రేపే కదా ఆయనొచ్చేది. దీపం గట్టిగా వేసెయ్. గంటలో చారలొస్తాయి. ఏ దీపంతో తీశావో ఎవరికి తెలుస్తుంది? రిజల్టు ముందు రాసుకుని దానికి సరిపోయేలా రీడింగులు వేసుకోవడం ఈ లేబులో కొత్తేం కాదు కదమ్మా."

"మీరు నేర్పినవన్నీ నేర్చుకున్నాను మాస్టారూ. అదొక్కటి నేర్చుకోలేదు," అంది ఆవిడ. "రాలేదంటే ఎందుకు రాలేదో తెలియాలి. అది తెలిసేదాకా తాళం ఇవ్వను."

అంటూనే నన్ను పెట్టెలోంచి తీసి కంటికి ఆనించుకుని బల్బు వైపు చూసింది. గట్టి దీపంలోనూ చారలు లేవు. అయితే తప్పు ఫోటాన్‌లది కాదు, పలకది అని ఆవిడకు అర్థమైపోయింది. వెలుగులోకి తిప్పి చూసింది. నల్లని ఒంటి మీద ఎర్రని గీత. వేలితో నిమిరి, వాసన చూసి, మాస్టారి వైపు తిరిగింది. ఆయన చేతులు వాటంతట అవే పంచెకు తుడుచుకున్నాయి.

మర్నాడు కూర్మనాథం గారు వచ్చారు. తెల్లటి పాంటూ చొక్కా, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. ఫిల్ము చూసి, "చారలేవమ్మా?" అన్నారు.

"లేవండి. పలకలో ఒక గీత మూసుకుపోయింది. ఒకే గీతలోంచి వెళితే ఏమవుతుందో అదే ఇది."

"మూసుకుపోవడమేంటి?"

ఆవిడ చెప్పలేదు. గురువు పేరు బయటపెట్టడం ఆవిడకు ఇష్టం లేదు. గది కావలసినాయన నోరు మూసుకుని ఊరుకుంటే ఆ పూటే తాళం చెవి ఆయన జేబులో పడేది. కానీ మాస్టారే ముందుకొచ్చారు.

"నేనేనండి. ఆయుధపూజ రోజు బొట్టు పెట్టాను. జారింది," అన్నారు. అన్నాక తల కొంచెం పైకెత్తి, "పూజ తప్పని మాత్రం అనకండి. తడెక్కువైంది, అంతే," అన్నారు.

కూర్మనాథం గారు కళ్ళద్దాలు తీసి నవ్వు ఆపుకున్నారు. క్రిస్మస్ సెలవుల తర్వాత మళ్ళీ వస్తానని, ఆ తర్వాత మాత్రం రానని చెప్పి వెళ్ళిపోయారు. అప్పటిదాకా తాళం చెవి ఆవిడ దగ్గరే ఉంది.

నన్ను కడిగారు. ఈసారి మాస్టారే చీకటి గది బయట కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. పాత ఫిల్ముకు ఎన్నాళ్ళిచ్చారో దీనికీ అన్నాళ్ళే ఇచ్చారు. మూత తీసినరోజు ఫిల్ము మీద చారలున్నాయి. నల్లగా ఒకటి, ఖాళీగా ఒకటి. ఒక్కొక్కటే ఒంటరిగా వెళ్ళిన ఫోటాన్‌లు, ఒకదాని ముఖం ఒకటి చూడనివి, అంతా కూడబలుక్కున్నట్టు వరసల్లో కూర్చున్నాయి.

కూర్మనాథం గారు వచ్చేసరికి శేషారత్నం రెండు ఫిల్ములూ పక్కపక్కనే పెట్టింది. చెడిపోయిందని ఇంకొకరైతే పారేసే ఫిల్ము కూడా అక్కడే ఉంది.

"ఈ చోటు చూడండి. ఒక గీత మూసి ఉన్నప్పుడు ఇక్కడికి వచ్చి పడ్డాయి. రెండూ తెరిస్తే ఇక్కడికి రావడం మానేశాయి. దారి ఇంకొకటి పెరిగితే వచ్చేవాళ్ళు పెరగాలి గానీ, అసలే రాకుండా పోవడమేంటండీ? ఒక్కటే వెళుతోంది కదా, పక్క దారి తెరిచి ఉందని దానికెవరు చెప్పారు?"

చారలున్న ఫిల్ము ఒక్కటే ఉంటే అందంగా ఉంది అని మెచ్చుకుని వెళ్ళేవారు. పక్కన ఆ కుంకుమ ఫిల్ము ఉండబట్టి గదిలో ఉన్నవాళ్ళకు ఒళ్ళు జలదరించింది.

తరవాత టీలు వచ్చాయి, టీలతో పాటు వాదనలూ వచ్చాయి. అల ఒకటి ముందుండి దారి చూపిస్తుంది, రేణువు కాలవలో పడవలా దాని మీద ఏదో ఒక గీతలోంచే పోతుంది, మనకు కనిపించదంతే అని భీమశంకరం గారు. చూసేదాకా అది ఎక్కడుందన్న మాటకే అర్థం లేదు, లెక్క కట్టుకుని నోరు మూసుకోవాలి అని కూర్మనాథం గారు. రెండూ జరుగుతాయి, లోకమే రెండుగా చీలిపోతుంది అనేవాళ్ళు కూడా ఉన్నారని ఆయనే చెప్పారు.

"ఈ ఒక్క లోకంతోనే వేగలేక చస్తుంటే ఇంకోటి కూడానా అండీ," అన్నారు మాస్టారు.

విచిత్రం ఏమిటంటే, చార ఎక్కడ పడుతుందని లెక్క వెయ్యమంటే అందరికీ ఒకే జవాబు వస్తుంది. జవాబు ఒకటే అయినా పోట్లాట ఆగదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనడం మనుషులకు ఎంత ఇష్టమో!

"నువ్వేమంటావమ్మా? ఏ గీతలోంచి వెళ్ళింది?" అని కూర్మనాథం గారు అడిగారు.

"ఏదో ఒక గీతలోంచే వెళ్ళాలని ముందే మీరు ఖాయం చేసేసుకుని అడుగుతున్నారండి. ఆ మాట వెనక్కి తీసుకోండి, అప్పుడు మాట్లాడదాం."

యూనివర్సిటీ ప్రొఫెసరుతో అలా మాట్లాడితే పరిశోధన పోయిందనుకున్నాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, "భీమశంకరం గారూ, మీ కట్టలు ఇంకెక్కడన్నా పెట్టుకోండి," అన్నారు.

ఆ తరవాత ఏటా ఆయుధపూజనాడు మా లేబులో ఒక కొత్త ఆనవాయితీ మొదలైంది. మాస్టారు నా గీతల్లో ఒకదానికి తడి కుంకుమ అద్దేవారు. పిల్లలు నన్ను కంటికి ఆనించుకుని బల్బు వైపు చూసేవారు, చారలు లేవనేవారు. శేషారత్నం కుళాయి కింద కడిగి మళ్ళీ ఇచ్చేది. మాస్టారు రిటైరయ్యాక, ఆ తరవాత లోకం విడిచాక, ఆ గిన్నె ఆవిడే పట్టుకుంది.

ఇప్పుడు ఆవిడా రిటైరైంది. లేజరు కిట్టు వచ్చింది. పాత సామాన్లతో పాటు నన్ను అట్టపెట్టెలో వేసి, పగిలిన గాజు అని కాగితం అంటించారు. నేను పగల్లేదు. ఆ మాట రాసినవాళ్ళు నన్ను తీసి చూడనైనా లేదు. కంప్యూటరులో కదిలే బొమ్మ ఒకటి కూడా చూపిస్తున్నారు. అందులో గోళీకాయంత ఫోటాన్ గీత దగ్గరికొచ్చి చక్కగా ఒక దారి ఎంచుకుంటుంది. అంత పచ్చి అబద్ధం నా ముందు ఆడతారా అని ఆ అట్టపెట్టెలో ఉడికిపోయాను.

మొన్న ఆయుధపూజకు శేషారత్నం వచ్చింది. జుట్టు నెరిసింది, నడక మారలేదు. తిన్నగా అట్టపెట్టె దగ్గరికెళ్ళి నన్ను తీసి, పైటచెంగుతో తుడిచి, కుంకుమ అద్ది, పిల్లలకు చూపించి, కడిగి, మళ్ళీ చూపించింది. కొత్తగా చేరిన లెక్చరరు సుహాసిని నన్ను కంటి దగ్గరే పెట్టుకుని, "ఇంతకీ ఏ గీతలోంచి వెళుతుందంటారు మేడమ్?" అని అడిగింది.

"నన్నెందుకమ్మా అడగడం, అది నీ చేతిలోనే ఉందిగా. దాన్నే అడుగు," అంది ఆవిడ.

అడగండి. అందరూ అడగండి. నా దగ్గర దాచిన సాక్ష్యమేమీ లేదు. ఏ దారిన పోయిందో నా ఒంటి మీద చిన్న గుర్తు మిగిలినా ఆ చారలు పుట్టేవే కావు. కుంకుమ పడిన రోజున గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగేదాన్ని, వెలుగు ఇటునుంచే వెళ్ళిందని. ఆ రోజు చారలు లేవు. చారలు వచ్చిన రోజున నాకు తెలియదు. నాకే కాదు, తెలియడానికి అక్కడ ఏమీ లేదు. దారి తెలియడమా, చారలా, మీకు ఏది కావాలో మీరే తేల్చుకుని రండి. నా గీతలు రెండూ తెరిచే ఉన్నాయి.