నాలుగు తట్టల చౌడు

ఆ పూట ఇంటికొచ్చాక దిద్దిందా, దిద్దలేదా? పద్నాలుగేళ్లుగా యశోదమ్మకు ఈ సంగతి తేలలేదు. దీపం పెట్టి కళ్లు మూసుకుంటే ఒక్కోరోజు పుస్తకం తెరిచి, స్లాబు అన్న గడిని కొట్టేసినట్టే కనబడుతుంది. ఇంకోరోజు కలం మూత కూడా తియ్యనట్టు అనిపిస్తుంది.

అప్పట్లో ఆమె జమ్మలమడుగులో అంగన్‌వాడీ టీచరు. ఇళ్ల సర్వేకి ఆమె వీధి ఆమెకే పడింది. గోడ దేనితో కట్టారు, నేల ఎలాంటిది, పైకప్పు ఏ రకం అని ఇంటింటా అడిగి గడుల్లో గుర్తు పెట్టాలి. వీధిలో సగం ఇళ్లు మట్టిమిద్దెలే, ఆమెదీ అంతే. దూలాల మీద కట్టెలు పరిచి, పైన చౌడుమన్ను వేసి తొక్కుతారు. చౌడు నీళ్లను కిందికి దిగనివ్వదు. అయితే ఏటా వానలకు ముందు కొత్త మన్ను వెయ్యాల్సిందే.

నాలుగిళ్ల అవతల లాల్ బాషా ఇంటికి పోయేసరికి, పులివెందుల నుంచి పిల్లను చూడడానికి వచ్చినవాళ్లు పంచలో కూర్చొని ఉన్నారు. లాల్ బాషా మేస్త్రీ. ప్రొద్దుటూరులో ఎంతమంది ఇళ్లకు స్లాబు పోశాడో అతనికే గుర్తుండదు. తన ఇల్లు మాత్రం తాత కట్టిన మట్టిమిద్దె. సంబంధాలు చూస్తున్నామని ఆ నెలే ముందువైపు పిట్టగోడకు సిమెంటు పూసి సున్నం కొట్టించాడు. వీధిలో నిలబడి చూస్తే అచ్చం స్లాబు ఇల్లే.

పైకప్పు ఏ రకమని యశోదమ్మ అడిగింది. లాల్ బాషా ఒకసారి చుట్టాల వైపు చూశాడు.

"స్లాబే గదమ్మా, రాసుకో."

ఆమె తల పైకెత్తలేదు. వచ్చినవాళ్ల ముందు మనిషి పరువు తియ్యడమెందుకని ఆ గడిలోనే గుర్తు పెట్టింది. ఇంటికి పోయి దిద్దుకుందాంలే అనుకుంది. ఆ రోజు ఏకాదశి, నారాపురస్వామి గుడిలో భజన. మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరు వచ్చి పుస్తకాలు పట్టుకుపోయాడు.

సంబంధం కుదిరింది. కూతురు ఫరహత్ పులివెందుల చేరింది. మరుసటి ఏడు లాల్ బాషా గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు అతని భార్య షాహీదాబీ ఇంటి మంజూరు కోసం ఆఫీసుకు పోతే, సర్వే ప్రకారం నీకు పక్కా ఇల్లుంది పొమ్మన్నారు. వీధి కొళాయి దగ్గర ఆమె నవ్వుతూనే ఆ మాట చెప్పింది.

"మా ఇంటికి స్లాబు ఉందంట టీచరమ్మా. ఇన్నేండ్లు ఆ ఇంట్లోనే ఉండి నేనే చూళ్ళేదు."

యశోదమ్మ కూడా నవ్వింది. బిందె నిండకముందే ఎత్తుకుని ఇంటికొచ్చేసింది.

స్వామి ముందు ఎన్నిసార్లు చెప్పుకుందో. తను దిద్దే ఉంటుందనీ, ఎవరో కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు పొరపాటు పడి ఉంటారనీ కొన్నాళ్లు సర్దిచెప్పుకుంది. స్వామికి చెప్పుకున్నంత మాత్రాన షాహీదాబీకి చెప్పినట్టవుతుందా? ఎన్ని ప్రదక్షిణలు చేసినా ఆ ప్రశ్న ఆమె వెంటే తిరిగేది. ఈలోగా తన మిద్దె తీసేసి స్లాబు వేయించుకుంది. నిరుటి వానలకు షాహీదాబీ ఇంటి నడిమిగది కూలింది. ఆ సమయానికి అందులో ఎవరూ లేరు. కుట్టుమిషను ముందుగదిలోకి జరుపుకుని, ఆ ఒక్క గదిలోనే ఉంటోంది.

ఈ ఎండాకాలం మళ్లీ సర్వే వచ్చింది. వార్డు సచివాలయం నుంచి మేఘన అనే అమ్మాయి ఫోను పట్టుకుని వీధిలోకి దిగిందని తెలియగానే యశోదమ్మ పొయ్యి మీది పాలు దించేసి పరుగున పోయింది. మేఘన వీధిలోనే నిలబడి ఇంటి ముందుభాగం ఫొటో తీసుకుంది. లాల్ బాషా పూసిన సిమెంటు ఇంకా చెక్కుచెదరలేదు. స్లాబేనని మేఘన వేలు ఫోను మీద పెట్టబోతుంటే యశోదమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"మిద్దెక్కి చూడు తల్లీ. కింద నుంచి రాయొద్దు."

షాహీదాబీ నిచ్చెన తెచ్చి గోడకు వేసింది. మేఘన ఎక్కి చూస్తే పైన మన్ను బీటలిచ్చి ఉంది. నిరుడు మొలిచిన గడ్డి ఎండి, అలాగే నిలబడి ఉంది. నడిమిగది కప్పు కూలిన చోట టార్పాలిన్ పట్టా కప్పి, అంచులకు రాళ్లు పెట్టారు. మేఘన ఆ మన్నును ఫొటో తీసి, మట్టికప్పు అని నమోదు చేసింది. ఇల్లు మంజూరవుతుందో లేదో తాను చెప్పలేనని, రాసింది మాత్రం నిజమేనని చెప్పి వెళ్లిపోయింది.

అప్పుడు నిచ్చెన పక్కనే నిలబడి యశోదమ్మ అంతా చెప్పేసింది. పులివెందుల వాళ్లు కూర్చున్నదీ, లాల్ బాషా అన్నదీ, తను రాసిందీ.

"దిద్దినానో లేదో నాకు ఇప్పటికీ గుర్తు రాలేదక్కా."

"ఆయన అబద్ధం చెప్పినాడు, సరే. నీకు తెల్దా?" అంది షాహీదాబీ. "ఆ ఏడే వానలకు ముందు మా కుప్పలో నాలుగు తట్టల చౌడు తీస్కపోతివి, నీ మిద్దె కారతాందని. స్లాబు ఇంటోళ్లకు చౌడుతో ఏం పని టీచరమ్మా?"

ఆ చౌడు యశోదమ్మ తిరిగి ఇవ్వనేలేదు. తనకు స్లాబు పడ్డాక ఆ సంగతే మరిచిపోయింది.

"దిద్దింటే ఏమి, దిద్దకుంటే ఏమి," అంది షాహీదాబీ మళ్లీ, ఈసారి మెల్లగా. "కొళాయి కాడ నేను చెప్పిన్నాడన్నా నువ్వు నోరు తెరిచింటే, ఇద్దరం పోయి ఆఫీసులో కొట్లాడింటాం. నడిమిగది నిలబడింటాది."

మర్నాడు పొద్దున యశోదమ్మ పూజ కూడా ముగించకుండా ఆటో మాట్లాడుకుని, ఊరి బయట చౌడు బీడుకు పోయింది. తవ్వించుకొచ్చిన మన్ను షాహీదాబీ వాకిట్లో దించింది. తట్టకెత్తుకుని, మోకాళ్లు నొప్పి పెడుతుంటే ఒక్కో మెట్టే నిచ్చెన ఎక్కింది. పైన షాహీదాబీ అందుకుని బీటల మీద కుమ్మరించింది. రెండోది, మూడోది కూడా అలాగే.

నాలుగో తట్ట అయ్యాక షాహీదాబీ మన్నును పారతో సర్ది, కాలితో గట్టిగా అణిచింది.

"చౌడు ముట్టింది," అంది.

తక్కినదాని మాట ఆమె ఎత్తలేదు. యశోదమ్మ అడగలేదు. ఖాళీ తట్ట పక్కన పెట్టి, చీర కొంగు నడుముకు దోపుకుని, ఆమె పక్కనే నిలబడి తనూ మన్ను తొక్కసాగింది.