ఏంజెలిన్ గుండె బాగుపడిన రోజు

"తలనొప్పి రాని ఆడది యాడుండాది?" అని అత్త మగ్దలీనమ్మ అన్నప్పుడల్లా ఏంజెలిన్ నవ్వి ఊరుకునేది. ఆ రోజు పొద్దున మాత్రం నవ్వలేదు. వలుస్తున్న రొయ్యల గిన్నె పక్కకు జరిపి, "అక్కా, అన్నీ రెండ్రెండుగా కనపడతా ఉండాయి" అని తోడికోడలు ఎలిశబెతుతో అంది. ఎలిశబెతు గరిటె కింద పెట్టి వచ్చేలోపే ఆమె గోడకు ఒరిగి, అలాగే జారిపోయింది.

కోట ఊరి దగ్గర ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ రొయ్యల గుంటలే జీవనం. పెద్దవాడు లాజరస్ ఎలిశబెతు భర్త, చిన్నవాడు టైటస్ ఏంజెలిన్ భర్త, వాళ్లకు బడికెళ్లే ఒక బిడ్డ. ఇంట్లోవాళ్లకే కాక గుంటల మీద పనిచేసేవాళ్లకు కూడా రెండు పూటలా వండి పంపేది ఈ తోడికోడళ్లే. ఏంజెలిన్‌కు ఎండాకాలం నుంచే తలనొప్పి. ఒకసారి నెల్లూరులో చూపిద్దామని ఎలిశబెతు తన మొగుణ్ణి అడిగింది. "పట్టుబడి కానీ మే, రొయ్యలు గుంటలో ఉంటే ఎట్టా పొయ్యేది?" అన్నాడు. పట్టుబడి అయింది, రొయ్యలు అమ్ముడుపోయాయి. గుంటలు ఎండగట్టాలన్నారు, మళ్లీ పిల్ల రొయ్యలు దించాలన్నారు. టైటస్ మందుల షాపు నుంచి మాత్రల అట్టలు తెచ్చి పడేసేవాడు. వేసుకుని లేచి వంట చేసేది కాబట్టి తగ్గిందనే అందరూ అనుకున్నారు.

మెదడులో రక్తనాళం ఉబ్బి పగిలిందని నెల్లూరు ఆసుపత్రిలో చెప్పారు. ఆపరేషన్ చేసినా లాభం లేకపోయింది. మెదడు చనిపోయిందనీ, ఊపిరి మిషనుదేననీ పరీక్షలు చేసి తేల్చాక, డాక్టర్ సాయిలక్ష్మి అందరినీ కూర్చోబెట్టి అవయవదానం గురించి మెల్లగా అడిగింది. టైటస్ తల్లి వైపు చూశాడు. తల్లి పెద్దకొడుకు వైపు చూసింది. లాజరస్ "నలుగురికి మేలవుతాదంటే ఇయ్యరా" అన్నాడు. ఎలిశబెతు ఫ్లాస్కు పట్టుకుని తలుపు దగ్గర నిలబడే ఉంది. తనతో పదేళ్లు ఒకే పొయ్యి దగ్గర నిలబడిన మనిషి గురించి ఆమెను ఎవరూ అడగలేదు. సంతకం పెట్టి బయటికొచ్చిన టైటస్ కళ్లు తుడుచుకుని, "టీ ఉండాదా వదినా?" అన్నాడు.

లోపల ఏంజెలిన్ మంచం పక్కన ఉండే పని ఎలాగూ ఎలిశబెతుకే పడింది. గుండె పరీక్ష చేసిన డాక్టరమ్మ ముఖం వాడిపోయింది.

"గుండె బాగా నీరసించింది. ఇట్లాగే ఉంటే, గుండె మార్పిడి చేసే తిరుపతి డాక్టర్లు దీన్ని తీసుకోరు" అంది.

"ఆమెకు గుండెజబ్బేం లేదు డాక్టరమ్మా."

"జబ్బు కాదమ్మా. మెదడు పోయేటప్పుడు ఒళ్లంతా ఒక తుపాను లేస్తుంది. ఆ దెబ్బకు గుండె అదిరిపోయింది. బీపీ నిలబెట్టాలి, ఒళ్లు చల్లబడకుండా చూడాలి, ఆగిపోయిన హార్మోన్లు మనం ఎక్కించాలి. తేరుకోవచ్చు. ఇప్పుడు ఎంత బాగా చూసుకుంటే, దాన్ని పెట్టించుకున్న మనిషి అంత బాగా బతుకుతారు."

"చచ్చిపోయినాదని మీరే అంటిరి గదా. ఇంకా ఈ మందులెందుకు?" అన్నాడు టైటస్ విసుగ్గా. డాక్టరమ్మ మళ్లీ మొదటినుంచి ఓపికగా చెప్పింది.

ఎలిశబెతు చూస్తూ కూర్చుంది. ఒళ్లు చల్లబడిందని వెచ్చటి దుప్పటి కప్పారు. కళ్లు ఎండిపోకుండా చుక్కలు వేశారు. ఒక నర్సు పక్కకు తిప్పుతుంటే ఇంకో నర్సు "మెల్లగా, మెల్లగా" అంది. బీపీ కాస్త తగ్గితే చాలు, ఎవరో ఒకరు పరుగున వచ్చేవారు. ఏంజెలిన్‌ను ఇంతమంది ఒక్కసారిగా పట్టించుకోవడం ఎలిశబెతు ఎప్పుడూ చూడలేదు. కాన్పయినప్పుడు కూడా చూడలేదు. నొప్పి అని ఆమె తన నోటితో చెప్పినప్పుడు ఇంట్లో ఒక్కరూ తలెత్తలేదు. ఇప్పుడు ఏమీ చెప్పలేని మనిషి గుండె ఏం చెబుతోందోనని ఇంతమంది చెవులు రిక్కించి వింటున్నారు. ఇది ఆమె కోసం కాదు, ఎవరో తెలియని మనిషి కోసం. ఆ మాట తలచుకుంటే ఎలిశబెతుకు కోపం వచ్చింది. అంతలోనే, ఎవరికోసమైతేనేం, ఒక్కసారైనా ఆమెకు దక్కింది కదా అనిపించింది. ఆ దుప్పటి అంచు తను కూడా సర్దింది.

మరుసటి రోజు మళ్లీ పరీక్ష చేశారు. తెరమీద గుండె నిబ్బరంగా ముడుచుకుని విచ్చుకుంటోంది. "తేరుకుంది" అని డాక్టరమ్మ ఎలిశబెతు భుజం పట్టుకుంది. అందరూ సంతోషపడ్డారు. ఆ సంతోషంలో కలవాలో ఏడవాలో ఎలిశబెతుకు తెలియలేదు. సాయంత్రం గుండె తిరుపతికి వెళ్లింది. కాలేయం ఒకరికి, మూత్రపిండాలు ఇద్దరికి వెళ్లాయి.

భూస్థాపన అయిన కొన్నాళ్లకు డాక్టరమ్మ ఫోన్ చేసింది. "గుండె పెట్టించుకున్న మనిషి లేచి నడుస్తున్నారమ్మా. మొదటి రోజు నుంచే అది బాగా కొట్టుకుందంట. ఇక్కడ జాగ్రత్తగా చూసుకోబట్టేనని అక్కడి డాక్టర్లు అన్నారు."

ఆదివారం గుడిలో పాస్టరుగారు టైటస్ త్యాగాన్ని పొగిడారు. ఇంటికొచ్చాక అందరూ భోజనానికి కూర్చున్నారు. మగ్దలీనమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, "ఎలిశబెతూ, ఇంకేం చేస్తాం మే. టైటస్ బట్టలు, గుంటలకాడ వంట, నా స్నానం, బిడ్డ బడి, అన్నీ నువ్వే చూసుకోవాల. ఆ పిల్ల ఏనాడూ కాదనలేదు" అంది. లాజరస్ తల ఊపాడు. టైటస్ కంచం ముందుకు జరిపాడు.

ఎలిశబెతు అన్నం గిన్నె తీసుకెళ్లి టైటస్ చేతికి అందేచోట పెట్టి, తనూ వాళ్ల మధ్యన కూర్చుంది.

"ఏంజెలిన్‌ను నలుగురికి పంచినారు గదత్తా" అంది నెమ్మదిగా. "ఆమె పనిని గూడా పంచండి. మనం నలుగురం ఉండాం."