పుస్తకానికెక్కని ఇలాయా

ఏరు చర్చి మూడో మెట్టు ఎక్కిన ఏడాది జరిగింది ఇది. ఆ వరదకు ఏటి ఒడ్డునున్న ఇలాయా పల్లె జనం ఎప్పటిలాగే ఇళ్లను భుజాలకెత్తుకుని కొబ్బరితోపు మెరక మీద దించుకున్నారు. వెదురు ఇళ్లు. అడుగున బొంగులు దూర్చి ఇరవైమంది పడితే లేస్తాయి. నీళ్లు తీశాక మళ్లీ ఒడ్డుకు మోసుకొచ్చారు. ఈ మధ్యలో మునిసిపాలిటీ గుమాస్తా పడవలో వచ్చి చూసిపోయాడు. అది వాళ్లకు తెలియదు.

నాలుగు నెలలకు ఇసుక కాంట్రాక్టరు యంత్రాలు దిగాయి. ఆ ఒడ్డు తవ్వితే ఇరవై ఏడిళ్లూ ఏట్లో కలుస్తాయి. ఆ పల్లె మనిషి పాసియాంగ్ అడ్డం నిలబడింది. కాపలావాడు జుట్టు పట్టి ఆమెను బురదలోకి ఈడ్చాడు. కొబ్బరికాయలు ఒలిచే ముసలి సెవెరో అది చూశాడు.

అందరూ మునిసిపాలిటీకి వెళ్లారు. గుమాస్తా కాల్చిన పంది తోలు నములుతున్నాడు. ఆ జిడ్డు చేత్తోనే ఊరి వివరాల పుస్తకం తెరిచాడు.

"పద్నాలుగు పల్లెలు. ఇలాయా దగ్గర ఖాళీ స్థలమని ఉంది. నే వచ్చినప్పుడు ఒక్క గుంజ లేదక్కడ."

"వరదకి ఇల్లు మోసుకుపోవడం నీకు తెలీదా బాబూ? మీ అమ్మ పుట్టిందీ అలాంటి ఇంట్లోనేగా" అంది పాసియాంగ్.

"రాసింది రాసిందే. లేని ఊరికి ఒడ్డెందుకు?"

మేయరు గుమ్మంలో నిలబడి పుల్లతో పళ్లు కుట్టుకుంటూ నవ్వాడు. రాసేవాడి చేతిలో ఊరెలా చస్తుందో ఆ రోజు ఇలాయా వాళ్లంతా చూశారు.

సాయంత్రం కొబ్బరి ఎండబెట్టే పొయ్యి దగ్గర కూడారు. ఒకడు యంత్రాలు తగలెడదామన్నాడు. ఇంకొకడు అర్జీ పెడదామన్నాడు.

"అర్జీతో మూతి తుడుచుకుంటాడు వాడు" అని మొదటివాడు కసిరాడు.

"ఇల్లు మోద్దాం" అన్నాడు సెవెరో.

"నీళ్లేవీ తాతా? ఏ మెరకకి?"

"మునిసిపాలిటీ గుమ్మానికి. నా ఇల్లే."

ఆదివారం ప్రార్థన ముగిసే వేళకు అరవైమంది వంతులేసుకుని ఆ ఇంటిని మోసుకొచ్చి గుమ్మానికి అడ్డంగా దించారు. పాసియాంగ్ లోపల పొయ్యి ముట్టించింది. పొగ మేయరు గదిలోకి పోయింది. గుమాస్తా దగ్గుతూ వచ్చాడు.

"తీయండి దీన్ని."

"దేన్ని బాబూ? ఇక్కడేం లేదే. పుస్తకం చూసుకో" అంది పాసియాంగ్ లోపల్నుంచి.

జనం విరగబడి నవ్వారు. పోలీసులు వచ్చారు. పదకొండుమందిని లారీ ఎక్కించారు, పాసియాంగ్‌నైతే మళ్లీ జుట్టు పట్టే. ఇంటిని గొడ్డళ్లతో నరికి అక్కడే కాల్చారు. సెవెరో నెత్తి పగిలింది.

మర్నాడు తెల్లవారగానే అతను నెత్తికి గుడ్డ కట్టుకుని, ఆ గుమ్మానికే మోయడానికి ఈసారి పాసియాంగ్ ఇంటి కింద బొంగు దూర్చి భుజం ఆనించాడు. రెండో కొస అప్పటికే ఎవరో ఎత్తారు.