టీచరమ్మ తల కింది దిండు

మా పెట్టెల దుకాణంలో ఒక పద్ధతి ఉంది. శవపేటిక గుమ్మం దాటేలోపు, లోపలి గుడ్డ, దిండు కుట్టిన మనిషి తన సూదులు లెక్కపెట్టుకోవాలి. నావి ఏడు. ఆ రోజు సండేస్కూల్ టీచరమ్మ పెట్టె కోసం వ్యాను తొందరగా వచ్చింది. పెట్టె వెళ్ళిపోయాక లెక్కపెట్టాను. ఆరే ఉన్నాయి.

బల్ల కింద వెతికాను. చీర కుచ్చిళ్ళు దులిపాను. లేదు. అప్పుడు వినిపించింది, చెవికి కాదు, మెడ వెనక ఎవరో వంగి చెప్పినట్టు: "వెళ్ళి చూడు."

ఆ మాట నాకు కొత్త కాదు. పదకొండేళ్ళ కిందట మా ఆయన పెట్టెకి నేనే గుడ్డ కుట్టాను. ఆ రోజూ ఒక సూది తక్కువైంది. ఆ రోజూ ఇదే మాట. అంతమందిలో మొగుడి తల కింద చెయ్యి పెట్టి వెతికితే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. మట్టి వేసేశారు. అప్పట్నుంచి మధ్యాహ్నం కాస్త నడుం వాల్చినా మెడ కింద ఏదో గుచ్చుకుంటుంది. ఎన్ని దిండ్లు విప్పి చూశానో! దూది తప్ప ఏమీ ఉండదు. ప్రార్థనకు మోకరిస్తే దేవుడికంటే ముందు ఆ సూదే గుర్తొస్తుంది. ఆ గొంతు ప్రభువుదో, మా ఆయనదో ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోయాను.

దుకాణం మేస్త్రీతో చెప్పాను.

"చచ్చినవాళ్ళకి సూది గుచ్చుకుంటుందా అక్కా?" అని నవ్వాడు, చెక్కకి చిత్రిక పట్టడం ఆపకుండా.

"ఆవిడకి కాదు. కూతురుంది. ఆఖరి ముద్దు పెట్టడానికి దిండు మీదికి వంగుతుంది."

నవ్వు ఆగింది. "చర్చిలో ఈ మాటన్నావంటే మన దుకాణం మొహం ఎవరూ చూడరు. నోరు మూసుకుని కూర్చో. వెళ్ళావో, మళ్ళీ రాకు."

కత్తెర బల్ల మీద పెట్టి చెప్పులేసుకున్నాను. ప్రభువు మాట వినాలనుకుంటే ధైర్యం దానంతటదే వస్తుందనుకునేదాన్ని. రాలేదు. చర్చి మెట్ల దగ్గర కూడా రాలేదు.

పాట అప్పుడే అయిపోయింది. టీచరమ్మ పెట్టె ఇంకా తెరిచే ఉంది.

"అయ్యగారూ, దిండులో సూది మర్చిపోయానేమో. చూడాలి," అన్నాను పాస్టరుగారితో.

చిన్నగానే అన్నాను గానీ ముందు వరుసంతా విన్నది. టీచరమ్మ మరిది లేచాడు. "బతికున్నన్నాళ్ళూ మా వదినని కుదురుగా కూర్చోనివ్వలేదు మీ చర్చివాళ్ళు. ఇప్పుడు పడుకోనివ్వరా?"

"తల కాస్త ఎత్తి పట్టుకుంటే చాలు బాబూ."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకెవరూ కదల్లేదు. కూతురి కోసం చూశాను. కాలేజీ చదివే పిల్ల, తలుపు పక్క గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పొద్దుట్నుంచి పెట్టె దగ్గరికే రాలేదని, భయపడుతోందని ఎవరో గొణిగారు.

"పిన్నీ, నిజంగా సూదుందా?" అంది అక్కణ్ణుంచే.

"తెలీదమ్మా. ఉండొచ్చు."

"అమ్మకి గుచ్చుకుంటుందా?"

పెట్టె తలవైపుకి నడిచాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. చేతులు తల్లి తల కిందికి పోనిచ్చి ఎత్తింది. నేను దిండు బయటికి తీసి అంగుళం అంగుళం నొక్కాను. అంచులు, మూలలు, కుట్లు. లేదు. ఎక్కడా లేదు.

"అయిందా?" అన్నాడు మరిది.

మొహం మండిపోయింది. మెడ వెనక మళ్ళీ ఆ మాట వస్తుందేమోనని చెవులు రిక్కించాను. ఏమీ రాలేదు. తప్పు విన్నానా? ఈ పదకొండేళ్ళూ తప్పే విన్నానా?

"దొరకలేదు. ఇక దించమ్మా," అన్నాను.

పిల్ల దించలేదు. తల్లి తలని ఇంకాస్త దగ్గరికి తీసుకుని, చెవి పక్క చెదిరిన జుట్టు మీద చెంప ఆనించింది.

"కొంచెంసేపాగు పిన్నీ," అంది.

దిండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను.