దొంగ నాణేలకు వెండి పెట్టె

వరదకు వంతెన కొట్టుకుపోయిన మూడో ఏడు. మా బావ ఓడెక్కి పరదేశాలు చూసి వచ్చాడు. పన్నెండు రోజుల్లో నాలుగు దేశాలు. అంత తిరిగి గుర్తుగా తెచ్చుకున్నది ఇరవై నాణేలు.

వచ్చిన వారానికి మా చెల్లెల్ని వెంటబెట్టుకుని నా కొట్టుకు వచ్చాడు. నాది వెండిపని. చెల్లెలి చేతిలో గుడ్డ మూట ఉంది. విప్పకుండానే తెలిసింది. మా నాన్న చివరగా చేసిన వెండి కంచం. అంచున ఒకచోట సుత్తిదెబ్బ లోతుగా పడింది. అప్పటికే ఆయన చేతికి వణుకు. చెల్లెలు రోజూ అందులోనే తింటుంది.

"దీన్ని కరిగించి నాణేలకు పెట్టె చెయ్యి బావా. ఆ నాణేలది రెండొందల ఏళ్ల నాటి వెండి. దానికి తగ్గ ఇల్లుండాలి కదా!"

అంటూ బావ నాణేలు బల్ల మీద పోశాడు. వెండి కాదని తెలియడానికి ఆ చప్పుడే చాలు. అయినా కళ్లజోడు పెట్టుకున్నాను. నాణెం మీద ఒక రాజు తల. చెంప మీద గాటు. ఇంకోటి తీశాను. అదే చెంప, అదే గాటు. ఇరవై నాణేలూ చూశాను, అన్నీ అంతే.

"ఈ గాటు ఎలా పడింది?"

"అన్నేళ్లు చేతులు మారితే పడదా? అదే పాతదానికి గుర్తు. ఇవి అమ్మిన కొట్టువాడే చూపించాడు."

"ఒక్క తల్లి కడుపున పుట్టినా ఇరవై మందికి ఒకేచోట పుట్టుమచ్చ ఉండదు బావా. ఒకదానికి అచ్చు తీసి, అందులోనే ఇరవై పోశారు."

బావ నవ్వాడు. "మూడో తరగతితో బడి మానేసినవాడివి. ఈ వీధి మలుపు దాటని మనిషివి. నీకేం తెలుసు?"

"నేను మలుపు దాటలేదు, నిజమే. నీ నాణేలూ ఇత్తడి దాటి వెండి దాకా రాలేదు."

చెల్లెలు ఒక నాణెం నా ముందుకు జరిపింది. "గీసి చూడన్నయ్యా. పోతే ఒకటేగా."

అంచు మీద ఆకురాయితో రెండుసార్లు గీశాను. లోపల ఇత్తడి పసుపుపచ్చగా తేలింది. ఆసిడ్ చుక్క వేశాను. ఆకుపచ్చ నురగ పొంగింది.

సిగ్గుపడతాడనుకున్నాను. నాదే పొరపాటు.

"కొట్టువాడు పెద్దమనిషి. పొరపాటున ఇదొక్కటి కలిసుంటుంది," అన్నాడు.

"ఇంకోటి గీద్దామా?"

గబగబా సంచిలో వేసుకున్నాడు. నమ్మకం ఉన్నవాడు అంత గబగబా సర్దడు.

"ఎల్లుండి మా ఆఫీసువాళ్లు ఇంటికొస్తున్నారు. వాళ్లకు చూపించాలి. రేపు సాయంత్రానికి పెట్టె కావాలి. నీ చేత కాకపోతే కంచం ఇటివ్వు, పక్కవీధి వాడు కరిగిస్తాడు."

చెల్లెలు కంచాన్ని పొట్టకు అదుముకుంది. ఇత్తడికి ఇల్లు కట్టడానికి మా నాన్న చేతిపని కరగాలట. చెవిటివాడి ముందు శంఖం ఊది లాభమేముంది?

"పెట్టి వెళ్లండి. చేస్తాను," అన్నాను.

చెల్లెలు కంచం బల్ల మీద పెట్టింది. నా మొహం చూడకుండా మెట్లు దిగింది. బావ పక్కనే ఉన్నాడు. ఆమెకు సైగ కూడా చెయ్యలేకపోయాను.

మర్నాడు తెల్లవారకముందే కొట్టు తెరిచాను. ఇత్తడి రేకు కోసి, మడిచి, అతికి, పెట్టె చేశాను. పైన పలచగా వెండి పూత ఎక్కించాను. నలభై ఏడేళ్ల పనిలో దొంగ వెండి చేసింది అదొక్కసారే. మేం చేసిన వెండికి అడుగున మా ఇంటి ముద్ర కొట్టాలి. కొట్టలేదు. బావ కనిపెడతాడన్న భయం మాత్రం లేదు. ఇరవై నాణేలు చూడలేనివాడు ఒక్క పెట్టె చూస్తాడా?

బావ ఆఫీసుకు పోయేదాకా ఆగి, కంచం గుడ్డలో చుట్టుకుని వాళ్ల వెనకగుమ్మానికి వెళ్లాను. చెల్లెలి చేతికిచ్చి, బావ ఇంట్లో లేని మధ్యాహ్నం పూట మాత్రమే ఇందులో తిను అని చెప్పి వచ్చేశాను.